చాక్లెట్ తొడుగు ఎందుకు జారిపోయింది: ఒక నిశ్చితార్థం ఆర్డరు, ఒక పెళ్లి ఆర్డరు

సాయంత్రం ఆరున్నర దాటింది. పెళ్లికూతురి మేనత్తగారు నన్ను పక్కకి పిలిచి, చేతిలో ఉన్న స్ట్రాబెర్రీ చూపించారు. తొడిమ పట్టుకుని ఎత్తారు. ఎర్రటి పండు పైకి వచ్చింది, చాక్లెట్ తొడుగు మాత్రం పేపర్ ప్లేటులోనే ఉండిపోయింది. దాని అడుగున చెంచాడు గులాబీ రంగు నీళ్లు.

"ఏమ్మా, పండుకి చెమట పట్టిందేంటి?" అన్నారు.

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు దొరకడానికి రెండు వారాలు పట్టింది. మాఘమాసం ముహూర్తాలు కాబట్టి అదే ఇంట్లో నెలాఖరుకి పెళ్లి ఉంది. ఆ ఆర్డరు కూడా మళ్లీ నాకే ఇచ్చారు. ఈ రెండు ఆర్డర్ల మధ్య ఏం జరిగిందో, ఏం మార్చానో మొత్తం రాస్తున్నాను. ఇంటి నుంచి స్వీట్లు, కేకులు చేసి ఇచ్చేవాళ్లు చాలామంది ఈ ఒక్క ఐటమ్ దగ్గర డబ్బూ పేరూ పోగొట్టుకోవడం చూశాను.

నేను విశాఖపట్నంలో ఇంటి దగ్గరే డెజర్టులు చేస్తాను. ఎక్కువగా కేకులు, కప్పుల్లో పుడ్డింగులు. చాక్లెట్‌లో ముంచిన పండ్లు చిన్న పార్టీలకి పదీ ఇరవై చొప్పున చాలాసార్లు చేశాను. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది: అవన్నీ చేసిన గంటలోపే అయిపోయాయి.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఆర్డరు 120 స్ట్రాబెర్రీలకి. బీచ్ రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాలు, దాని ముందు లాన్. భోజనాలయ్యాక స్వీట్ కౌంటర్లో గులాబ్ జామూన్ పక్కన ఇవి పెట్టాలి. వాళ్లు కోరింది ఒక్కటే, పిల్లలూ పెద్దలూ చేత్తో పట్టుకుని తినేలా ఉండాలి, చెంచా అవసరం పడకూడదు. సరేనన్నాను. కాంపౌండ్ (కోకో వెన్న బదులు వేరే నూనెలతో చేసే చాక్లెట్) వాడకుండా అసలు కోకో వెన్న ఉన్న డార్క్ కూవర్చర్ చాక్లెట్ తెచ్చాను. మంచి చాక్లెట్ పెడితే సగం పని అయిపోయినట్టేనని అప్పటి నా నమ్మకం.

ముందురోజు మధ్యాహ్నం బజారులో 200 గ్రాముల ప్లాస్టిక్ డబ్బాలు 16 కొన్నాను. మహాబలేశ్వర్ వైపు నుంచి వచ్చిన సరుకు. ఒక్కో డబ్బాలో 10, 12 పండ్లు. పైవరుస అద్దంలా ఉంటుంది, కింది వరుసలో నలిగినవి ఉంటాయి. ఏరగా 126 మిగిలాయి. కడిగి, జల్లెడలో వంచి, జల్లెడతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక తీసి, ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి ముంచడం మొదలుపెట్టాను. చల్లటి పండు కాబట్టి చాక్లెట్ అంటుకోగానే గట్టిపడిపోతోంది. పని చకచకా సాగుతోందని సంతోషించాను కూడా. పన్నెండున్నరకల్లా 126 అయిపోయాయి. బటర్ పేపర్ పరిచిన ట్రేల్లో పెట్టి, మూతల్లేకుండా మళ్లీ ఫ్రిజ్‌లోకి ఎక్కించాను.

పొద్దున చూస్తే మెరుస్తున్నాయి. నాలుగైదింటికి అడుగున చిన్న ఎర్ర చుక్క కనిపిస్తే తుడిచేశాను. ఆ చుక్క దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. సాయంత్రం అయిదున్నరకి ట్రేలు లాన్‌లో తెరిచాం. పావుగంటలో మెరుపు పోయి, మంచు పట్టిన అద్దంలా మసకేశాయి. అరగంటకి నీటి బొట్లు. గంటకి తొడుగులు వదులయ్యాయి. నేను లెక్కపెట్టినంతవరకు 70 దాకా పండ్లు తొడుగు వదిలేశాయి. కొన్నిటికి పైనుంచి కిందకి పగుళ్లు. తిన్నవాళ్లు రుచి బాగుందనే అన్నారు. ఆ మాట నాకు ఓదార్పు ఇవ్వలేదు. అడ్వాన్సు మించి ఒక్క రూపాయి తీసుకోనని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మొదట అనుమానించింది టెంపరింగ్‌ని, అంటే చాక్లెట్‌ని కరిగించి, లెక్క ప్రకారం చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేసే పనిని. చాక్లెట్ పని చేసే వాళ్లెవరైనా ముందు అక్కడికే వెళ్తారు. కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా ఏర్పడగలదు. అందులో మనకి కావాల్సింది అయిదోది. అది 33, 34 డిగ్రీల దాకా కరగదు, మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది, నోట్లో పెట్టుకుంటే ఒంటి వేడికి కరుగుతుంది. డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీలు దాటించి, ఉన్న స్ఫటికాలన్నీ కరిగించి, సన్నగా తరిగిన గట్టి చాక్లెట్ మూడో వంతు కలిపి 28 దాకా దింపి, మళ్లీ 31, 32 కి తెస్తే ఆ అయిదో రకం నిలబడుతుంది. ఆ రాత్రి నేను థర్మామీటర్ పెట్టుకునే చేశాను. చెంచా వెనక రాసి చూస్తే నాలుగు నిమిషాల్లో మెరుపుతో ఆరింది. గిన్నె అంచుకి అంటుకున్న చాక్లెట్ మర్నాడు కూడా టక్కున విరిగింది. ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఆరు పండ్ల మీది తొడుగు తీసి, తడి తుడిచి, విరిచి చూశాను. అదీ టక్కుమంది.

అంటే చాక్లెట్‌లో లోపం లేదు. ఇక మిగిలింది పండు.

నిజానికి ఈ ఐటమ్ గురించి ఎవరు చెప్పినా సగానికి పైగా చాక్లెట్ గురించే చెబుతారు. ఎంత వేడి, ఏ బ్రాండు, ఏ గిన్నె. పండుకి ఒక్క వాక్యం: కడిగి ఆరబెట్టండి. స్ట్రాబెర్రీలో నూటికి 91 వంతులు నీళ్లే. చాక్లెట్‌కి నీళ్లంటే పడదు. ఈ రెండిటినీ అంటించి గంటల తరబడి కలిపి ఉంచడమే మనం చేసే పని. ఆ ఒక్క వాక్యంలోనే మొత్తం విషయం ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఆ వారంలో ఇంకో నాలుగు డబ్బాలు తెచ్చి, ఒకే సైజువి 30 పండ్లు ఏరి, ఆరేసి చొప్పున అయిదు వరుసలు చేశాను. చాక్లెట్ అన్నిటికీ ఒకే గిన్నెలోది, 31 డిగ్రీల దగ్గర. మొదటి వరుస ఫ్రిజ్ నుంచి తీసి తుడిచి వెంటనే ముంచినవి, అంటే ఆ రాత్రి నేను చేసినట్టే. రెండో వరుస ఫ్రిజ్ నుంచి తీసి రెండు గంటలు బయట ఉంచి, తుడిచి ముంచినవి. మూడోది ఫ్రిజ్ మొహం చూడనివి, కడిగి గుడ్డతో తుడిచినవి. నాలుగోది కడిగి, ఫ్యాన్ కింద మూడు గంటలు పొడి గుడ్డ మీద ఆరబెట్టినవి. అయిదోది నాలుగో వరుసలాగే ఆరబెట్టి, తొడిమ కోసేసినవి. ముంచాక ప్రతి వరుసలో మూడు ఫ్రిజ్‌లోకి, మూడు ఏసీ గదిలో బల్ల మీదకి.

మొదటి వరుస దగ్గరే ఒక విషయం కంటికి కనిపించింది. ఫ్రిజ్ నుంచి తీసి తుడిచిన పండుని ముంచకుండా దీపం కింద పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నిమిషం తిరగకుండానే గింజల మధ్య గుంటల్లో సన్నటి తడి మళ్లీ పుట్టింది. తుడిచాను. మళ్లీ పుట్టింది. ఆ రాత్రి నేను 126 పండ్లని తుడిచానే గాని, ఒక్కటీ పొడి పండుని ముంచలేదు. ప్రతి పండుకీ చాక్లెట్‌కీ మధ్య సన్నటి నీటి పొర పెట్టి మూసేశాను. తొడుగు జారిపోక ఏమవుతుంది? పగుళ్ల సంగతీ ఇక్కడే ఉంది. చల్లటి పండుకి తగిలిన చాక్లెట్ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. లోపలి పక్క బిగుసుకుని పై పక్క ఇంకా మెత్తగా ఉంటే తొడుగు సమంగా ముడుచుకోదు. పండు మళ్లీ వేడెక్కేసరికి ఎక్కడో ఒకచోట చీలుతుంది. చకచకా గట్టిపడుతోందని నేను సంతోషించింది దీనికే.

మూడో వరుస మీద నాకు ఆశ ఉండేది. ఫ్రిజ్ లేదు, తుడిచాను, పైకి పొడిగానే ఉంది. అయినా మూడు గంటలకల్లా ఆరిట్లో నాలుగింటికి చాక్లెట్ పై అంచున చుక్కలు వచ్చాయి. అడుగునుంచి కారాల్సింది పై అంచున ఎందుకొచ్చింది? ముంచకుండా పక్కన పెట్టిన పండు తీసుకుని, తొడిమ చుట్టూ ఉన్న ఆకుపచ్చ రేకుల్ని టూత్‌పిక్‌తో ఒక్కొక్కటే పైకి లేపాను. మూడో రేకు కింద కందిగింజంత నీటి బొట్టు. పండు భుజానికి రేకు అతుక్కుని ఉంటే లోపల నీళ్లున్నాయని ఎవరికీ తెలియదు. తొడిమ పట్టుకుని తలకిందులుగా ముంచేటప్పుడు అది అక్కడే ఉంటుంది, ట్రేలో పెట్టాక మెల్లగా దిగుతుంది. అప్పట్నుంచి టిష్యూని వత్తిలా మెలేసి, రేకుల కింద చుట్టూ తిప్పుతున్నాను. పండుకి అయిదారు సెకన్లు. మొత్తం పద్ధతిలో అంత చిన్న పని, అంత పెద్ద ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

అయిదో వరుస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తొడిమ కోస్తే పండుకి గాయం చేసినట్టే. ఎంత ఆరబెట్టినా కోసిన చోటు నుంచి రసం ఊరుతూనే ఉంది. తొడిమ అందం కోసం ఉంచుతారనుకునేదాన్ని. పట్టుకోవడానికి పిడి, రసానికి బిరడా, రెండూ అదే.

నాలుగో వరుస నిలబడింది. ఏసీ గదిలో పెట్టిన మూడూ ఆరు గంటలకి పొడిగా, మెరుస్తూ, కొరికితే తొడుగు పండుతో పాటే వచ్చేలా ఉన్నాయి. పన్నెండు గంటలకి రెండు బాగున్నాయి. ఇరవై నాలుగు గంటలకి మూడింటికీ అడుగున ఎర్ర చుక్క వచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. చాక్లెట్‌లో సగం దాకా చక్కెరే. కోసిన పండు మీద చక్కెర చల్లితే ఎలా నీరు లాగుతుందో, తొడుగు పలచగా ఉన్నచోట అదే జరుగుతుంది. ఎంత బాగా చేసినా ఒక రోజు దాటి నిలిచే సరుకు కాదిది. స్ట్రాబెర్రీ కోశాక మామిడిలా మాగదు, తియ్యబడదు, వడిలిపోవడం ఒక్కటే. కాబట్టి ముందురోజు చేసిపెట్టుకోవడం వల్ల మనకి సౌకర్యమే గాని పండుకి లాభం లేదు.

మరి నాలుగో వరుసలో ఫ్రిజ్‌లో పెట్టిన మూడు? ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ బాగున్నాయి. బయట పెట్టిన పది నిమిషాల్లో మసకేశాయి. మేనత్తగారి ప్రశ్నకి రెండో సగం జవాబు ఇక్కడ దొరికింది.

మన ఊరు సముద్రం పక్కన ఉంది. ఫిబ్రవరి సాయంత్రం ఎండ లేకపోయినా గాలిలో తేమ నూటికి 70 దాకా ఉంటుంది. 26 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 20 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా దాని మీద నీరు వదిలేస్తుంది. చల్లటి నీళ్ల చెంబు బయట బొట్లు పట్టేది అందుకే. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల్లో ఉన్న పండుని లాన్‌లో తెరిస్తే చెంబుకి జరిగిందే దానికీ జరుగుతుంది. పైన చేరిన నీరు చాక్లెట్‌లోని చక్కెరని కరిగిస్తుంది, ఆరాక ఆ చక్కెర తెల్లటి గరుకు పొరగా మిగులుతుంది. కోకో వెన్న పైకి తేలి వచ్చే తెలుపు వేరు. అది వేలితో రుద్దితే కరిగిపోతుంది, జిడ్డుగా ఉంటుంది. చక్కెర తెలుపు గరుకుగా తగులుతుంది. రెండిటినీ కలిపి "చాక్లెట్ బూజు పట్టింది" అంటుంటారు, రెండిట్లో ఏదీ బూజు కాదు.

ఫ్రిజ్ తప్పకపోతే ఏం చెయ్యాలో కూడా చూశాను. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టి, బయటికి తీశాక మూత తియ్యకుండా గంట సేపు వదిలేశాను. డబ్బా బయటంతా నీరు కారింది, లోపల పండ్లు పొడిగా ఉన్నాయి. గాలిలోని తేమ డబ్బాని తడిపింది, పండు దాకా రాలేదు. ఇది తెలిశాక నేను ట్రేలు మానేసి లోతు తక్కువ డబ్బాలు కొన్నాను.

పెళ్లి ఆర్డరు 200 ముక్కలకి. ఈసారి మేనత్తగారే ఫోన్ చేశారు. "మొన్న ఏం జరిగిందో కనుక్కున్నావా అమ్మా?" అని అడిగి, చెప్పిందంతా విన్నాక, "అయితే ఈసారి పండ్లని ఫ్రిజ్‌లో పెట్టకు" అన్నారు. ఆవిడకి అర్థమైంది.

నేను రెండు షరతులు పెట్టాను. కౌంటరు లాన్‌లో వద్దు, లోపల ఏసీ హాల్లో పెట్టాలి. రాత్రి ఏడున్నరకి ముందు బయట పెట్టకూడదు. రెండిటికీ ఒప్పుకున్నారు. అందరూ ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకోని చోట ఈ ఐటమ్ తీసుకోకపోవడమే మంచిదని ఇప్పుడు నా అభిప్రాయం. అదే డబ్బుకి కప్పులో చాక్లెట్ మూస్, పైన అప్పటికప్పుడు కోసిన పండు ఇవ్వచ్చు, ఎవరికీ నష్టం లేదు.

పండ్లు ఈసారి లంబసింగి నుంచి తెప్పించాను. చింతపల్లి మండలంలో ఆ చలికి స్ట్రాబెర్రీ బాగా వస్తోంది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరుకుతుంది. పొద్దున కోసినవి నర్సీపట్నం మీదుగా మధ్యాహ్నానికి మనకి అందుతాయి. ఫోన్‌లో ఆ రైతుకి నేను చెప్పాల్సిన మాట ఆయనే ముందు చెప్పాడు: "మంచు ఆరినాకే కోస్తామమ్మా, తడి మీద కోస్తే దారిలోనే మెత్తబడిపోతాయి." మూడు కిలోలు వచ్చాయి. సైజు బజారు పండుకంటే చిన్నదే. రంగు భుజం దాకా ఎక్కింది, డబ్బా మూత తియ్యగానే గదంతా వాసన. నలిగిన పండు, తెల్లటి భుజం ఉన్న పండు పక్కకి తీసేస్తే 120 మంచివి తేలాయి. మిగిలినవి జామ్‌కి.

పన్నెండింటికి పండ్లు వచ్చాయి. వెంటనే ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి, నానబెట్టకుండా, గుడ్డల మీద ఒకదానికొకటి తగలకుండా పరిచాను. మూడింటి దాకా ఫ్యాన్. ఈ లోపు నేనూ మా తోడికోడలూ వత్తులు మెలేసి రేకుల కింద తుడిచాం. రెండు గంటల ముందే గదిలో ఏసీ వేసి 22 డిగ్రీలకి తెచ్చాను. ఏసీ చల్లదనంతో పాటు గాలిలో తేమ కూడా తగ్గిస్తుంది, అది రెండో మేలు. పండు, గది ఒకే చల్లదనంలో ఉన్నాయి. పండు వేలితో తాకితే చల్లగా అనిపించకూడదు. ఈ పరీక్ష థర్మామీటర్ లేనివాళ్లకి కూడా పనికొస్తుంది.

చాక్లెట్ కరిగించేటప్పుడు డబుల్ బాయిలర్ మానేశాను. కింద గిన్నెలో మరిగే నీటి ఆవిరి పై గిన్నె అంచు చుట్టి లోపలికి దిగితే చాలు, ఆ కొద్ది నీటికే చాక్లెట్ ఇసుక ముద్దలా బిగుసుకుంటుంది. చక్కెర రేణువులు ఆ కాస్త తడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా బిగిసినదాన్ని పారెయ్యక్కర్లేదు, వేడి పాలో క్రీమో ధారాళంగా పోసి కలిపితే నున్నటి సాస్ అవుతుంది. ముంచడానికి మాత్రం ఇక పనికిరాదు. మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్లకోసారి తీసి కలుపుతూ కరిగించాను. ఇరుకైన, లోతైన గాజు జగ్గులోకి పోశాను. వెడల్పు గిన్నెలో చాక్లెట్ పలచగా పరుచుకుని త్వరగా చల్లారిపోతుంది, పండు నిలువునా మునగదు. ముంచేటప్పుడు చాక్లెట్ 30 కి దిగి చిక్కబడితే హెయిర్ డ్రైయర్‌తో జగ్గు పక్కన రెండు మూడు సెకన్లు వేడి గాలి. 34 దాటిందా, టెంపర్ పోయినట్టే, మళ్లీ మొదటికి రావాలి.

ముంచే పద్ధతి కూడా కొంచెం చెబుతాను. తొడిమనీ రేకుల్నీ కలిపి వేళ్లతో పైకి పట్టుకుని, పండు ముప్పావు వంతు దాకా దించి, మణికట్టు ఒక చుట్టు తిప్పి పైకి తీస్తే చాక్లెట్ తాడులా కారుతుంది. ఆ తాడు తెగేదాకా రెండుసార్లు విదిలించాలి, తర్వాత పండు వీపుని జగ్గు అంచుకి తగిలించి గీకాలి. ఆ గీకిన వైపే బటర్ పేపర్ మీద ఆనించాలి. గీకకుండా పెడితే కింద మడుగులా చేరి గట్టిపడుతుంది, పండుకి చెప్పు తొడిగినట్టు ఉంటుంది, తీసేటప్పుడు అక్కడే విరుగుతుంది. పేపర్ మీద ఆనించిన వెంటనే పావు అంగుళం ముందుకి జరిపితే మిగిలిన చాక్లెట్ కూడా వెనక్కి సర్దుకుంటుంది. మొదటి పది పండ్లు ఎవరికైనా వంకరగానే వస్తాయి, పదకొండోదానికి చెయ్యి తిరుగుతుంది.

స్ట్రాబెర్రీలు 120 కాక, 40 కమలా తొనలు, 40 జామ ముక్కలు చేశాను. ఈ రెండూ చెయ్యమని వాళ్లు అడగలేదు. స్ట్రాబెర్రీ పుల్లగా ఉంటుందని మొన్న తినకుండా వదిలేసిన పెద్దవాళ్లని చూశాక నాకే అనిపించింది.

నాగపూర్ కమలా తొనకి దేవుడే ప్యాకింగ్ చేసి ఇచ్చాడు. పైపొర చిరగకుండా విడదీసి, నార పోగులు లాగేసి, గంట సేపు ఫ్యాన్ కింద పెడితే పొర పలచటి కాగితంలా ఆరిపోతుంది. చాక్లెట్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కొరికినప్పుడే రసం బయటికి వస్తుంది. ఆరు కమలాలు ఒలిస్తే 40 చిరగని తొనలు వచ్చాయి. మొత్తం ఆర్డరులో ఒక్క చుక్క కారని పండు ఇదే.

జామ కోసం దోరకాయ తీసుకున్నాను. పండిన జామ మెత్తన, గింజలూ తడి. దోర ముక్కని టిష్యూ మీద రెండు వైపులా అద్ది ఇరవై నిమిషాలు ఆరనిస్తే చాలు. మన నాలుకకి జామ అంటే ఉప్పూ కారం ఉండాలి. మొదటి ముక్కలకి ఉప్పు కారం జామకే రాశాను, అయిదు నిమిషాల్లో నీళ్లు వదిలింది. ఉప్పు చేసే పని అదే కదా. ఆ తర్వాత ముంచి పెట్టాక, చాక్లెట్ ఆరకముందు పైన చల్లాను. కింద చేదు చాక్లెట్, పైన కారం, లోపల కరకరలాడే జామ. హాల్లో ముందు ఖాళీ అయిన ట్రే ఇది.

మూడున్నరకి మొదలుపెట్టి అయిదున్నరకి ముగించాం. ఆరింటికి డబ్బాల్లో సర్ది, ఏసీ వేసిన కారులో వెనక సీటు మీద పెట్టుకుని వెళ్లాం. ఫ్రిజ్ జోలికి పోలేదు. ఏడున్నరకి కౌంటరు మీద పెట్టాం, తొమ్మిదింటికల్లా అయిపోయాయి. మూడు స్ట్రాబెర్రీలకి తొడుగు పగిలింది, అందులో రెండు కారు కుదుపుకి. జారిపోయింది ఒక్కటీ లేదు. మేనత్తగారు ఒకటి తీసుకుని, తొడిమ పట్టుకుని ఎత్తి, కాసేపు అలాగే తిప్పి చూసి నోట్లో వేసుకున్నారు.

లెక్క కూడా చెప్పాలి. తూకం వేస్తే స్ట్రాబెర్రీకి 9 గ్రాముల చాక్లెట్ పట్టింది, కమలా తొనకి 5, జామ ముక్కకి 6. మొత్తం కిలోన్నర. కాని చివరి పండు కూడా మునగాలంటే జగ్గు నిండుగా ఉండాలి, అందుకని 2 కిలోల 200 గ్రాములు కరిగించాల్సి వచ్చింది. మిగిలింది జీడిపప్పు, బాదం వేసి పలకలుగా పోశాను, వృథా కాలేదు. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో ధర ఎగబాకాక కూవర్చర్ ధర మండిపోయింది కాబట్టి చాలామంది లెక్క చూసుకునేది చాక్లెట్ దగ్గరే. నాకు మాత్రం ఎక్కువ పడింది ఏరివేతలో పోయిన పండ్లకీ, ఇద్దరు మనుషుల అయిదు గంటలకీ. రేటు చెప్పేటప్పుడు ఈ రెండూ మర్చిపోతే ముక్కకి అయిదు రూపాయలు కూడా మిగలవు.

కాంపౌండ్ వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు. అందులో కోకో వెన్న బదులు పామ్ కెర్నల్ లాంటి గట్టి నూనెలుంటాయి, టెంపరింగ్ అక్కర్లేదు, ఎండకి కాస్త ఆగుతుంది, ధర తక్కువ. నోట్లో మైనంలా ఉండిపోతుంది, అదొక్కటే చిక్కు. ఏప్రిల్‌లో బయట జరిగే పుట్టినరోజుకి నేనూ అదే వాడతాను, ఆ మాట ముందే చెప్పి. పుట్టినరోజులంటే ఇంకో మాట. ద్రాక్ష గుండ్రంగా, అందంగా ముంచి పెడతారు. అయిదేళ్ల లోపు పిల్లలకి మొత్తం ద్రాక్ష గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. నిలువునా కోస్తే రసం కారుతుంది, చాక్లెట్ నిలవదు. కాబట్టి పిల్లల పార్టీలకి ద్రాక్ష నేను చెయ్యను, ఎవరు అడిగినా.

ఇంట్లో నలుగురికి చేసుకునేవాళ్లు ఇంత శ్రమ పడక్కర్లేదు. 20 పండ్లు, 200 గ్రాముల డార్క్ చాక్లెట్, వాసన లేని కొబ్బరి నూనె ఒక చిన్న చెంచా. మైక్రోవేవ్‌లో ఆగి ఆగి కరిగించి, నూనె కలిపి, ముంచి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే తినెయ్యండి. టెంపరింగ్ లేకపోతే మర్నాటికి మెరుపు పోతుంది, మర్నాటి దాకా ఎలాగూ ఉండవు. పండు ఆరబెట్టడం, రేకుల కింద తుడవడం మాత్రం ఇక్కడా మానొద్దు. అరటిపండు చెయ్యాలనుకుంటే చక్రాలుగా కోసి, గంట ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి ముంచండి. చల్లటి పండు వద్దని ఇంతసేపు చెప్పాను కదా, అరటి దగ్గర అది చెల్లుతుంది, ఎందుకంటే దాన్ని గడ్డగా ఉండగానే తింటాం.

ఏప్రిల్‌లో స్ట్రాబెర్రీలు వెళ్లిపోయాయి, మామిడి వచ్చింది. బంగినపల్లి ముక్కలు ముంచమని అప్పుడే ముగ్గురు అడిగారు. కోసిన మామిడి నిలువెల్లా తడి, చాక్లెట్ అంటుకోనే అంటుకోదు. ముక్కల్ని ఓవెన్‌లో 60 డిగ్రీల మీద మూడు గంటలు పెట్టి పైన చెక్కు కట్టనిచ్చి ముంచితే రెండు గంటల దాకా బాగున్నాయి, ఆ తర్వాత అడుగున పసుపు చుక్క. నాలుగు గంటలు ఆరబెడితే చుక్క రాలేదు గాని తాజా మామిడి రుచి పోయి ఒరుగుల్లా అయ్యాయి. పక్కనే మామిడి తాండ్ర ముక్కలు కూడా ముంచి చూశాను, వారం దాటినా చెక్కు చెదరలేదు. వాటిని తాజా పండు పేరుతో అమ్మలేను కాబట్టి విడిగా, తాండ్ర పేరుతోనే ఇస్తున్నాను. బంగినపల్లికి మూడు గంటలకీ నాలుగు గంటలకీ మధ్య ఎక్కడో ఉంటుందని వచ్చే వారం మూడుంపావుతో మొదలుపెడుతున్నాను.